తుఫానుల నెలలకు ముందు వెబ్ సర్వర్లు చూసుకునేవారికి జాగ్రత్తలు

ఇటీవల ఈదురుగాలులకు కరెంటు పోయి వచ్చిన మరునాడు, శ్రీకాకుళం జిల్లాలోని ఒక విద్యాసంస్థ వెబ్‌సైటులో ఎప్పటిదో పరీక్ష వాయిదా నోటీసు మళ్లీ ప్రత్యక్షమైంది. దానిని నమ్మి కొందరు విద్యార్థులు పరీక్షకే వెళ్లలేదు. సర్వర్ నడుస్తూనే ఉంది. సర్వర్ జరిగినవన్నీ రాసుకునే లాగ్ ఫైళ్లలో ఒక్క ఎర్రర్ కూడా లేదు. అక్టోబరు, నవంబరు మన తీరానికి ఎలాంటి నెలలో 2014 హుద్‌హుద్‌నూ, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీనీ చూసినవారికి చెప్పనక్కరలేదు. యూపీఎస్, బ్యాకప్ సంగతులు అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలి, ఎక్కువమందిని ముంచుతున్న ఒక్క పొరపాటు గురించే ప్రధానంగా రాస్తున్నాను.

మౌంట్ కింద మిగిలిన ఫైళ్లు

చాలాచోట్ల సైటు మొదట సర్వర్ సొంత డిస్కులో ఉండేది. తరువాత ఫైళ్లను వేరే యంత్రంలోని షేర్డ్ స్టోరేజికి మార్చి, నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు అందించే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అదే డైరెక్టరీ మీద మౌంట్ చేశారు (అంటే ఆ డైరెక్టరీ తెరిస్తే స్టోరేజి ఫైళ్లే కనబడేలా తగిలించారు) గాని, అడుగున ఉన్న పాత ఫైళ్లను తీసేయలేదు. మౌంట్ ఉన్నంతకాలం అవి కనిపించవు. కరెంటు వచ్చాక స్టోరేజి కంటే ముందే వెబ్ సర్వర్ లేచిందంటే మౌంట్ విఫలమవుతుంది. మౌంట్‌ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో నోఫెయిల్ (మౌంట్ కాకపోయినా ముందుకు సాగు) అని ఉంటే బూట్ కూడా ఆగదు. డైరెక్టరీ ఉంది, అందులో ఫైళ్లున్నాయి కనుక వెబ్ సర్వర్ ప్రోగ్రాము అపాచీ నిశ్చింతగా వాటినే పంపుతుంది. గోడమీది కొత్త క్యాలెండరు ఊడిపడితే వెనుకనున్న పాతది బయటపడినట్లే ఇదీను.

కాబట్టి వెబ్ సర్వర్‌ను ఆపి, మౌంట్ విప్పి, ఆ డైరెక్టరీలో ఏముందో చూసి, ఉన్నదంతా వేరేచోటికి తరలించండి. ఖాళీ అయిన డైరెక్టరీకి ఛాట్ర్ ఆదేశంతో ప్లస్ ఐ గుర్తు (మార్చరాదన్న గుర్తు) పెడితే సర్వాధికారాలున్న రూట్ యూజర్ కూడా పొరపాటున అందులో ఏమీ రాయలేడు, కానీ దానిమీద మౌంట్ మాత్రం మామూలుగానే అవుతుంది. సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో వెబ్ సర్వర్ యూనిట్ ఫైలుకు రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ వరుస చేర్చితే మౌంట్ లేకుండా సర్వీసు మొదలుకాదు. సైటు అసలు తెరుచుకోకపోవడం, తప్పుడు నోటీసు చూపడం కంటే నయం.

కాష్‌ల సంగతి

ఒకసారి తెచ్చుకున్నదాన్ని మళ్లీ అడగకుండా కొంతసేపు గుర్తుపెట్టుకోవడమే కాష్. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ (ఇక్కడ మన వెబ్ సర్వర్) ఫైలు వివరాలను మామూలుగా 3 నుంచి 60 సెకన్ల వరకు, డైరెక్టరీ వివరాలను 30 నుంచి 60 సెకన్ల వరకు గుర్తుపెట్టుకుంటుంది. ఒక నిమిషం పాతది కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అరగంటైనా మారకపోతే తప్పు వేరేచోట ఉంది. అపాచీలో ఫైళ్లను మెమరీకి తగిలించి చదివే ఎనేబుల్‌ఎమ్‌మ్యాప్ డిఫాల్టుగా ఆన్‌లో ఉంటుంది, నెట్‌వర్క్ డైరెక్టరీలకు దానిని ఆఫ్ చేయండి. ఫైలు పంపే పనిని కెర్నెల్‌కే అప్పగించే ఎనేబుల్‌సెండ్‌ఫైల్ అపాచీ 2.4లో డిఫాల్టుగా ఆఫే, ఎవరైనా ఆన్ చేశారేమో చూడండి. అపాచీ బదులు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఉంటే అందులో ఓపెన్ ఫైల్ కాష్‌నూ, పీహెచ్‌పీ ఉంటే దాని కోడ్‌ను గుర్తుపెట్టుకునే ఓపీకాష్‌నూ చూడాలి.

లోపం ఎక్కడుందో ఊహించవద్దు. ఒకే ఫైలుకు మూడుచోట్ల ఎండీ5సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీయండి: స్టోరేజి యంత్రంలో, వెబ్ సర్వర్‌లోని మౌంట్‌లో, కర్ల్‌తో ఆ సర్వర్‌నే నేరుగా అడిగినప్పుడు వచ్చినదానికి. రెండోదే మొదటిదానితో కలవకపోతే మౌంట్‌ను, మూడోది మాత్రమే తేడాగా ఉంటే వెబ్ సర్వర్‌ను, మూడూ ఒకటే అయితే బ్రౌజర్‌నో మధ్యనున్న ప్రాక్సీనో పట్టుకోండి.

ఇక మిగిలినవి వరుసగా.

కరెంటు వచ్చాక ముందు స్టోరేజి, తరువాతే వెబ్ సర్వర్లు.

సర్వర్ లేవగానే ఫైండ్‌ఎమ్‌ఎన్‌టీ ఆదేశంతో మౌంట్ ఉందో లేదో చూడండి. ఫైళ్లు కనిపించడం మౌంట్ ఉందనడానికి సాక్ష్యం కాదు.

ప్రతి సర్వర్‌లోనూ చూడండి. వచ్చేవారిని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనుక రెండుంటే ఒకటి కొత్తది, మరొకటి పాతది ఇవ్వవచ్చు; ఫోన్ చేసినవారికి కనబడేది మీ తెరమీద కనబడదు.

కంగారులో మౌంట్‌కు నోఏసీ (ఎన్‌ఎఫ్‌ఎస్ వివరాల కాష్‌ను ఆపేసే ఆప్షన్) పెట్టకండి. రద్దీ సమయంలో సైటు నత్తనడక నడుస్తుంది.

సర్వర్లన్నిటిలో గడియారాలు, సమయం సరిచేసే క్రోనీ ప్రోగ్రాముతో కలపండి.

మౌంట్ పడిపోయినప్పుడు "ఫైళ్లు పోయాయి" అనుకుని బ్యాకప్ నుంచి ఆ డైరెక్టరీలోకి కాపీ చేయకండి. వచ్చే తుఫానుకు మౌంట్ కింద దొరికే పాత నోటీసులు అవే.

మౌంట్ తిరిగి కలిపాక వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి.

మౌంట్ కింద ఏముందో మళ్లీ చూడండి. కొత్తగా చేరిన సర్వర్‌లోనూ చూడండి.

వాతావరణ హెచ్చరిక వచ్చేదాకా ఈ పనిని వాయిదా వేయకండి. మౌంట్ విప్పాలంటే సైటును కాసేపు ఆపాలి, ఆరోజు ఎవరూ ఆపనివ్వరు.