కుంకుడు, చింతపండు, వంటసోడా: ఏ మరకకి ఏది వాడాలి

ఇంట్లో చేసుకునే క్లీనర్ల వీడియోలు చూస్తే ప్రతిదాంట్లో వంటసోడా చల్లు, దాని మీద వెనిగర్ పొయ్యి, బుస్సుమని పొంగగానే మరక మాయం అంటారు. కానీ సోడా క్షారం, వెనిగర్ పులుపు, రెండూ కలిస్తే ఒకదాని బలం ఇంకోటి లాగేసుకుంటుంది, పొంగు తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పు నీళ్ళ లాంటిదే. విడివిడిగా వాడితే రెండూ బంగారం లాంటివి. జిడ్డుకి, మాడుకి కుంకుడు లేదా సోడా, బోరు నీళ్ళ తెల్ల మరకలకి, ఇత్తడి చిలుముకి పులుపు, ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలావరకు మీకే తెలిసిపోతుంది.

ముందు కుంకుడు రసం, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఒక ఇరవై కాయలు తీసుకుని రోకలితో ఒక్క దెబ్బ వేస్తే నల్ల గింజ బయటికొస్తుంది, గింజలు తీసేయండి, నురగంతా పైన తొక్కలోనే ఉంటుంది (సపోనిన్ అంటారు, సబ్బు చేసే పనే అదీ చేస్తుంది). ఆ తొక్కలు లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టి పొద్దున్నే సన్న మంట మీద పావుగంట మరిగించండి, పొంగి స్టవ్ మీద పడకుండా పెద్ద గిన్నె పెట్టుకోండి. చల్లారాక చేత్తో గట్టిగా పిసికి పల్చటి గుడ్డలో వడకట్టేస్తే తేనె రంగు రసం వస్తుంది. గ్యాస్ గట్టు, స్టవ్ వెనక టైల్స్ మీద పోపు జిడ్డు పేరుకుంటుంది చూడండి, అక్కడ ఈ రసం గోరువెచ్చగా రాసి పది నిమిషాలు వదిలేసి పీచుతో రుద్దితే జిడ్డు వదులుతుంది. గిన్నెలకీ వాడొచ్చు, బకెట్ నీళ్ళలో ఒక గ్లాసు పోసి ఇల్లు తుడవచ్చు. నురగ మాత్రం షాపు లిక్విడ్ అంత రాదు, రాలేదని ఇంకా ఇంకా పొయ్యకండి. బయట పెడితే రెండు మూడు రోజుల్లో వాసనొచ్చేస్తుంది, ఫ్రిజ్‌లో అయితే వారం ఉంటుంది, ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించుకుంటే ఇంకా ఎక్కువ రోజులు. కళ్ళలో పడితే మండుతుంది. ఇంట్లో చేపల తొట్టి ఉంటే మాత్రం దాని దగ్గరికి ఈ నీళ్ళు అస్సలు పోనివ్వద్దు, కుంకుడు చేపలకి విషం.

ఇక బోరు నీళ్ళు. కుళాయిల మీద, షవర్ మీద, బాత్రూమ్ టైల్స్ మీద తెల్లగా పొర కట్టేది నీళ్ళలో ఉండే కాల్షియమే, దాన్ని సబ్బుతో ఎంత రుద్దినా పోదు, పులుపు తగిలితేనే కరుగుతుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అని అడిగితే ఇస్తారు, గ్లాసు వేడి నీళ్ళలో ఒక స్పూన్ కలిపి పాత గుడ్డ ముంచి కుళాయికి చుట్టేయండి, అరగంట తర్వాత పాత బ్రష్‌తో రుద్ది మంచినీళ్ళతో కడిగేయండి. రాత్రంతా వదిలేస్తే కుళాయి మెరుపు పోతుంది, వద్దు. షవర్‌కైతే ఆ నీళ్ళు కవర్లో పోసి, షవర్ అందులో మునిగేలా రబ్బర్ బ్యాండ్‌తో కట్టేస్తే చాలు. నీళ్ళు కాచే కెటిల్లో అడుగున పేరుకున్న తెల్లటి పొర కూడా ఇలాగే వదులుతుంది, కాకపోతే తర్వాత రెండుసార్లు మామూలు నీళ్ళు మరిగించి పారబోయండి.

ఇది మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. మీ ఇంట్లో తాండూరు బండలు, కడప బండలు, షాబాద్ బండలు, లేదా మార్బుల్ ఉంటే వాటి మీద నిమ్మకాయ, వెనిగర్, నిమ్మ ఉప్పు ఏదీ పొయ్యకండి. అవన్నీ సున్నపురాయి జాతివే, కుళాయి మీద తెల్ల పొరని కరిగించే పులుపు ఆ బండల్నీ తినేస్తుంది, పాలిష్ పోయి మచ్చ పడిపోతే మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. వాటికి పల్చటి కుంకుడు నీళ్ళే మంచివి.

ఇత్తడి, రాగికి కొత్త చింతపండు వేస్ట్ చెయ్యక్కర్లేదు, పులుసు పిసికాక మిగిలిన పిప్పి చాలు. కొంచెం ఉప్పు చేర్చి దీపపు కుందికి, రాగి చెంబుకి పట్టించి ఐదు నిమిషాలు ఆగి రుద్దితే చిలుము పోయి లోపలి రంగు బయటపడుతుంది. అసలు కిటుకు కడిగాక ఉంది, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి, నీటి చుక్కలు ఉండిపోతే సాయంత్రానికి అక్కడక్కడా మచ్చలొస్తాయి. లక్క కోటింగ్ ఉన్న షో పీసులకి ఇది వద్దు.

అడుగంటిన స్టీల్ గిన్నెకి వంటసోడా రెండు స్పూన్లు, మాడు మునిగేన్ని నీళ్ళు పోసి పది నిమిషాలు మరిగించి చల్లారనిస్తే మాడు పెచ్చులుగా లేస్తుంది. అల్యూమినియం గిన్నెల్లో సోడా వద్దు, నల్లబడతాయి.

బత్తాయి, నిమ్మ తొక్కలు ఎక్కువ వచ్చే ఇల్లయితే బయో ఎంజైమ్ (తొక్కలు పులియబెట్టి చేసుకునే క్లీనర్) పెట్టుకోవచ్చు, ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్ళు, మూడు నెలలు. గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో, పైన ఖాళీ వదిలి పెట్టండి, మొదటి నెల రోజూ ఒకసారి మూత తీసి గ్యాస్ వదలాలి, లేకపోతే డబ్బా పగులుతుంది. ఇదీ పులుపే, బండల విషయం దీనికీ వర్తిస్తుంది.

ఇవన్నీ మురికి తీస్తాయి గానీ క్రిముల్ని నమ్మకంగా చంపవు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు బాత్రూమ్‌కి బ్లీచింగ్ వాడటమే మంచిది, ఆ రోజు మాత్రం వెనిగర్, నిమ్మ ఉప్పు, టాయిలెట్ యాసిడ్ ఏవీ దాంతో కలవకూడదు, కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది. చేసుకున్నవి పాత కూల్ డ్రింక్ బాటిళ్ళలో పొయ్యకండి, పిల్లలు తాగేస్తారు, వేరే డబ్బాలో పోసి పేరు, చేసిన తేదీ రాసి అతికించి పై అరలో పెట్టండి.