మెట్రోనిడజోల్ వాడుతుంటే మద్యం ముట్టొద్దు

అమీబిక్ విరేచనాలకో, పంటి చీముకో డాక్టరు మెట్రోనిడజోల్ రాస్తే, మొదటి మాత్ర నుంచి చివరి మాత్ర వేసుకున్నాక 3 రోజుల దాకా బీరు, కల్లు ఏదీ వద్దు. టినిడజోల్‌కీ ఇంతే. కలిస్తే ముఖం ఎర్రబడడం, గుండెదడ, వాంతులు రావచ్చు. అందరికీ రావు, అయినా తెగించొద్దు. సీసా లేబుల్ చదవండి: కొన్ని దగ్గు సిరప్పుల్లో ఆల్కహాల్ ఉంటుంది, దశమూలారిష్టంలో పులియడం వల్ల పుడుతుంది. మద్యం వాసనే గిట్టని పెద్దవాళ్లు కూడా అరిష్టం రోజూ తాగుతుంటారు, అడిగి చూడండి.

తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ వాడి 2 వారాలు దాటకపోతే మెట్రోనిడజోల్ వేసుకోకూడదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మెట్రోనిడజోల్ వల్ల కాలేయం వార్ఫరిన్‌ను విరగ్గొట్టడం మందగించి రక్తస్రావం కావచ్చు. ముందే డాక్టరుకు చెప్పి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఎప్పుడో అడగండి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, విరేచనం నల్లగా అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.