దారిలో గోడలు – 4వ పాఠం: పాదోవాలో ఒక పూట

మొదటి మూడు పాఠాల్లో కారు సంగతులు చూశాం. ఇండియా లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఎందుకు దగ్గర ఉండాలి, టోల్ గేటు దగ్గర ఏ లైన్లోకి వెళ్ళాలి, వాన పడితే హైవే మీద గంటకు 130 నుంచి 110కి ఎందుకు తగ్గాలి, ఇలాంటివన్నీ. ఈ పాఠంలో కారు దిగుతాం.

ఇక నేర్చుకోబోయేది ఒక్కటే విద్య. దారిలో ఒక పూట ఆగిన ఊళ్ళో, గైడు లేకుండా, ఒక ఫ్రెస్కో గోడని, అంటే తడి సున్నపు గార మీద బొమ్మలు వేసిన గోడని, మన కళ్ళతో మనమే చదవడం. ఏ ముక్క ముందు వేశారు, ఏది తర్వాత వేశారు, ఏ రంగు తడి గార మీద పడింది, ఏది ఆరిన గార మీద పడింది. ఇవన్నీ గోడ మీదే కనిపిస్తాయి. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఈసారి మనం ఆగే ఊరు ఇటలీలోని పాదోవా. మ్యూనిక్ వైపు నుంచి బ్రెన్నర్ కనుమ దిగి వెనిస్‌కి వెళ్ళే తెలుగువాళ్ళకి ఈ దారి బాగా తెలుసు. ఏ22 హైవే మీద వెరోనా దాకా, అక్కణ్ణించి ఏ4 మీద తూర్పుకి. వెనిస్ ఇంకో నలభై కిలోమీటర్లు ఉందనగా పాదోవా వస్తుంది. చాలామంది దాన్ని దాటి వెళ్ళిపోతారు. నేనూ రెండుసార్లు అలాగే వెళ్ళిపోయాను. మూడోసారి పిల్లలు ఆకలంటే ఆగాం. ఆ రోజు చూసిన ఒక్క గదే ఈ పాఠాలన్నిటికీ మొదలు.

కారు ఎక్కడ వదలాలి

ఇటలీ పాత ఊళ్ళ నడిబొడ్డుని జెడ్‌టీఎల్ అంటారు. బయటి బండ్లు లోపలికి రాకూడని చోటన్నమాట. తెల్లటి గుండ్రటి బోర్డు, చుట్టూ ఎర్ర అంచు, పక్కన కెమెరా. ఆపడానికి పోలీసు ఉండడు, కెమెరా నంబరు ఫొటో తీసుకుంటుంది, అంతే. మరో ఊళ్ళో ఒకసారి 'వార్కో అత్తీవో' అని ఎర్రటి అక్షరాలు వెలుగుతుంటే, యాక్టివ్ అంటే దారి తెరిచి ఉందని అర్థం చేసుకుని లోపలికి పోనిచ్చాను. నాలుగు నెలలకి ఇంటికి ఫైన్ కాగితం వచ్చింది. వార్కో అత్తీవో అంటే కెమెరా పని చేస్తోంది, రావద్దు అని. 'నోన్ అత్తీవో' అని ఉంటేనే వెళ్ళొచ్చు. ఈ రెండు మాటలూ ఇప్పుడే నోటుబుక్కులో రాసుకోండి. అద్దె కారైతే ఫైనుకి తోడు కంపెనీ వాళ్ళ చార్జీ కూడా పడుతుంది.

పాదోవాలో ఈ టెన్షన్ అక్కర్లేదు. ఊరికి ఉత్తరాన పొంతెవిగోదార్జెరెలోగానీ దక్షిణాన గుయిజ్జాలోగానీ ట్రామ్ ఆఖరి స్టాప్ దగ్గర కారు పెట్టేసి ట్రామ్ ఎక్కండి. ఒకే పట్టా మీద రబ్బరు చక్రాలతో నడిచే ట్రామ్ అది, పిల్లలకి భలే నచ్చుతుంది. 'ఎరెమితాని' స్టాప్‌లో దిగితే మనకి కావలసిన గది రెండు నిమిషాల నడక. ఊళ్ళోనే పార్క్ చెయ్యాల్సివస్తే గీతల రంగు చూడండి: నీలం గీతలైతే డబ్బు కట్టాలి, తెల్లవైతే ఉచితం, పసుపు గీతలు మనవి కావు.

పదిహేను నిమిషాల గది

దాని పేరు స్క్రొవేన్యీ చాపెల్, అంటే ఒక చిన్న ప్రార్థనాలయం. ఎన్రికో స్క్రొవేన్యీ అనే ధనవంతుడు 1300లో ఇక్కడి స్థలం కొన్నాడు. పాత రోమన్ల ఆరేనా ఉన్న చోటు అది, అందుకే దీన్ని ఆరేనా చాపెల్ అని కూడా అంటారు. ఎన్రికో తండ్రి వడ్డీ వ్యాపారంతో పేరుపడ్డవాడు. వడ్డీ తీసుకోవడం మహాపాపమని చర్చి చెప్పే రోజులవి. అందుకే ఈ చాపెల్ కట్టించడంలో ప్రాయశ్చిత్తం కూడా ఉందని చాలామంది పండితులు అంటారు. లోపల తలుపు పైన, చివరి తీర్పు బొమ్మలో, ఎన్రికో మోకాళ్ళ మీద కూర్చుని చాపెల్ నమూనాని సమర్పిస్తుంటాడు. ఎటువైపు కూర్చున్నాడో చూడండి, స్వర్గానికి వెళ్ళేవాళ్ళ వైపు. పక్కనున్న ఎరెమితాని మఠం సన్యాసులకి మాత్రం ఈ ఆడంబరం నచ్చలేదు. 1305 జనవరిలో ఫిర్యాదు చేశారు. అదే ఏడాది మార్చి 25న చాపెల్ ప్రతిష్ఠ జరిగిపోయింది. బొమ్మలు వేసినవాడు ఫ్లోరెన్స్ నుంచి వచ్చిన జొట్టో.

టికెట్ ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. ఇరవై అయిదుమందికి మించి ఒకేసారి లోపలికి పంపరు. ముందు ఒక అద్దాల గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెడతారు. మన ఒంటితో, బట్టలతో వచ్చిన తేమా దుమ్మూ గోడలకి చేరకుండా అక్కడి గాలిని సరిచేస్తారు. తర్వాత లోపల ఇంకో పదిహేను నిమిషాలు. ఆలస్యంగా వస్తే మీ బ్యాచ్ వెళ్ళిపోతుంది, అందుకని కనీసం అరగంట ముందు అక్కడ ఉండేలా చూసుకోండి. బ్యాగులు క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయాలి.

అద్దాల గదిలో కూర్చున్న ఆ పదిహేను నిమిషాలని ఫోన్‌లో పోగొట్టుకోవద్దు. కింద చెప్పినదంతా ఒకసారి గుర్తు చేసుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

సున్నం చేసే పని

సంక్రాంతికి ఇంటికి సున్నం వేయడం చూసినవాళ్ళకి ఫ్రెస్కో సగం తెలిసినట్టే. వేసినప్పుడు గోడ మసకగా, నీళ్ళనీళ్ళగా ఉంటుంది. 'ఏంటి, అసలు అంటుకోలేదే' అనిపిస్తుంది. ఆరుతున్నకొద్దీ తెల్లగా తేలుతుంది. అది కేవలం నీరు ఆవిరైపోవడం కాదు. తడి సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. అంటే మళ్ళీ సున్నపురాయి అవుతుంది. కాల్చి, నీళ్ళు పోసి, మెత్తగా చేసిన రాయి గోడ మీద తిరిగి రాయి అవుతుందన్నమాట.

ఇప్పుడు ఆ తడి గార మీద నీళ్ళలో కలిపిన రంగు పూశారనుకోండి. జిగురు ఏమీ లేదు. అయినా సున్నం రాయిగా మారేటప్పుడు ఆ రంగు రేణువులని తనలో బిగించేసుకుంటుంది. రంగు ఇక గోడ పైన ఉండదు, గోడలో ఉంటుంది. ఏడు వందల ఏళ్ళు నిలిచింది అందుకే.

దీని వల్ల చిత్రకారుడికి ఒక చిక్కు. తడి ఉన్నంతసేపే పని. కాబట్టి మేస్త్రీ ఏ రోజుకారోజు, ఆ రోజు వేయగలిగినంత మేరకే సన్నగార పూస్తాడు. ఆ ముక్కని ఇటాలియన్లో 'జోర్నాతా' అంటారు, ఒక రోజు పని అని. సాయంత్రానికి బొమ్మ వేయని గార మిగిలితే దాన్ని చెక్కి పారేస్తారు. మర్నాడు దాని పక్కనే కొత్త గార. ఈ రెండింటి మధ్య అతుకు ఉంటుంది. కొత్త గార పాత గార అంచు మీదికి కొంచెం ఎక్కుతుంది. ఏది పైకెక్కి ఉందో అది తర్వాతి రోజుది. గోడ చదవడానికి ఇదే మొదటి సూత్రం. పని పైనుంచి కిందికి సాగుతుంది, లేకపోతే పై రంగు కింద వేసిన బొమ్మ మీద కారుతుంది.

రెండో సూత్రం నీలం గురించి. మట్టిరంగులు, అంటే జాజు, పసుపుమన్ను లాంటివి, సున్నంతో చక్కగా కలిసిపోతాయి. అజురైట్ అనే నీలపు రాయి పొడికి తడి సున్నం పడదు. అందుకని గార ఆరాక ఏదో ఒక జిగురుతో కలిపి పైన పూసేవాళ్ళు. దాన్ని 'ఆ సెక్కో' అంటారు, పొడి మీద అని. పైన అంటించింది కాబట్టి కొన్ని వందల ఏళ్ళకి పెచ్చులూడుతుంది.

ఈ రెండు సూత్రాలూ చాలు, లోపలికి వెళ్దాం.

లోపల

చాపెల్ చిన్నదే. పొడవు దాదాపు 21 మీటర్లు, వెడల్పు ఎనిమిదిన్నర. పైన పీపాని నిలువునా కోసి బోర్లించినట్టు గుండ్రటి కప్పు, దాని నిండా నీలం, నీలంలో బంగారు చుక్కలు. మొదటి రెండు నిమిషాలు ఏమీ వెతక్కండి. తల ఎత్తి చూడండి, అంతే. ఆ నీలాన్ని మొదటిసారి చూస్తూ పాఠాలు గుర్తు చేసుకోవడం ఎవరి వల్లా కాదు.

ఆ తర్వాత కిటికీలున్న దక్షిణపు గోడ వైపు తిరగండి. రెండో వరసలో, పూజాపీఠం పక్కన మొదటి బొమ్మ యేసు పుట్టుక. మరియ పడుకుని పసివాణ్ణి అందుకుంటోంది. ఆమె పైవస్త్రం చూడండి. నీలం చాలామటుకు రాలిపోయి, అక్కడక్కడా మచ్చలుగా మిగిలింది. అదే బొమ్మలో కింద కూర్చుని కునుకు తీస్తున్న యోసేపు పసుపు దుప్పటి చూడండి. మడతలతో సహా చెక్కుచెదరలేదు. అదే గోడ, అదే చెయ్యి, అవే ఏడు వందల ఏళ్ళు. ఒక రంగు తడి మీద పడింది, ఇంకోటి పొడి మీద పడింది. నాకు మొదటిసారి ఈ తేడా కనబడ్డప్పుడు ఒళ్ళు జలదరించింది. అంతవరకు బొమ్మ చూస్తున్నాను, అప్పట్నుంచి ఒక మనిషి పని చేస్తుండగా చూస్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు ఎదురు గోడ, అంటే ఉత్తరపు గోడ. మూడో వరసలో యేసు దేహం చుట్టూ చేరి ఏడుస్తున్న బొమ్మ. దీనికి అయిదు నిమిషాలు ఇవ్వండి. చిన్న బైనాక్యులర్ ఉంటే జేబులో పెట్టుకెళ్ళండి, ఇక్కడే పనికొస్తుంది. ఒక రాతిగుట్ట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి ఏటవాలుగా దిగుతుంది. పైన ఎండిన చెట్టు ఒకటి. ఆ గీత వెంట కన్ను జారి జారి చివరికి రెండు ముఖాల దగ్గర ఆగుతుంది, తల్లి ముఖం, కొడుకు ముఖం. ముందు ఇద్దరు ఆడవాళ్ళు మనకి వీపు పెట్టి కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు కనబడవు. అయినా వంగిన ఆ వీపుల్లో దుఃఖం తెలుస్తుంది. మన పల్లెల్లో శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళని వాకిట్లో నిలబడి చూస్తే ఇలాగే ఉంటుంది. ఇప్పుడు అతుకులు వెతకండి. తలల చుట్టూ చూడండి. ముఖానికి, ఆకాశానికి మధ్య సన్నటి గీతలా, గార మందంలో చిన్న తేడాలా ఉంటుంది. విశాలమైన ఆకాశం ఒక్క రోజులో అయిపోతుంది, ముఖాలకి మాత్రం ఎక్కువ సమయం పడుతుంది. ఎక్కడ ముక్కలు చిన్నవో అక్కడ ఆయన నెమ్మదిగా పని చేశాడన్నమాట.

మిగిలిన నిమిషాలు మీవి. నేనైతే పసివాడైన యేసుని చూడ్డానికి వచ్చిన ముగ్గురు జ్ఞానుల బొమ్మ చూస్తాను. అక్కడి నక్షత్రానికి తోక ఉంటుంది. 1301లో కనబడ్డ హేలీ తోకచుక్కని చూసి జొట్టో అలా వేశాడని చాలామంది నమ్మకం. 1986లో హేలీ దగ్గరికి చేరిన యూరప్ వ్యోమనౌకకి జొట్టో అనే పేరు పెట్టారు. వెళ్ళేముందు కింది వరసలో పాలరాయి పలకల్లా కనిపించేవాటిని కూడా చూడండి. అది రాయి కాదు, మెరుగు పెట్టిన గార.

బయటికి వచ్చాక

పక్కనే ఎరెమితాని చర్చి. ఇందులోకి తప్పకుండా వెళ్ళండి. 1944 మార్చి 11న మిత్రరాజ్యాల విమానాల బాంబులు దీని మీద పడ్డాయి. మాంతెన్యా అనే చిత్రకారుడు యువకుడిగా ఉన్నప్పుడు ఇక్కడ వేసిన ఫ్రెస్కోలు చాలావరకు పొడైపోయాయి. వేల కొద్దీ ముక్కలు ఏరి దాచారు. తర్వాత కంప్యూటర్ సాయంతో, పాత ఫొటోలతో పోల్చి, ఏ ముక్క ఎక్కడిదో పట్టుకుని గోడ మీద పెట్టారు. మసక ఫొటో మధ్యలో అక్కడక్కడా అసలు రంగు ముక్కలు కనబడతాయి. జొట్టో గది ఇక్కణ్ణుంచి వంద అడుగులు వేస్తే వస్తుంది. ఆ రోజు దానికేమీ కాలేదు.

ఊళ్ళో ఇంకా చాలా ఉంది. 1222 నాటి యూనివర్సిటీ, 1592 నుంచి 1610 దాకా గెలీలియో పాఠం చెప్పింది అక్కడే. 1545లో మొదలైన ఔషధ మొక్కల తోట కూడా ఉంది. కానీ ఒక పూటలో ఇవన్నీ పెట్టుకోవద్దు. భోజనానికి పలాజ్జో దెల్లా రజోనె కింద ఉన్న బజారుకి వెళ్ళండి. శాకాహారులు 'సెంజా కార్నే, సెంజా పెషే' అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని.

ఇంటి పని

ఒక పాత పెంకు గానీ, పాలిష్ లేని మట్టి టైల్ గానీ తీసుకుని గంటసేపు నీళ్ళలో నానబెట్టండి. ఆరబెట్టకూడదు, పొడి పెంకు గారలోని నీళ్ళన్నీ పీల్చేస్తుంది. ఒక వంతు తడి సున్నం, రెండు వంతుల సన్న ఇసుక కలిపి అర సెంటీమీటరు మందాన పూయండి. సున్నం చేతుల్ని, కళ్ళని కాలుస్తుంది కాబట్టి గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. రాతిసున్నాన్ని ఇంట్లో నీళ్ళు పోసి ఉడికించవద్దు, నానిన సున్నమే కొనండి. వేలు పెడితే అంటకుండా, గోరు పెడితే గీత పడేలా ఉన్నప్పుడు జాజుని మంచినీళ్ళలో కలిపి ఎడమ సగంలో ఒక ఆకు బొమ్మ వేయండి. ఆరాక రంగు తేలికపడుతుంది, కంగారు పడకండి. మూడు రోజుల తర్వాత కుడి సగంలో అదే రంగుతో, అదే ఆకు వేయండి. పెంకుని రెండు వారాలు నీడలో వదిలేసి, తడి గుడ్డతో రెండు ఆకుల్నీ మెల్లగా తుడవండి. ఏది గుడ్డకి అంటింది, ఏది అంటలేదు, నోటుబుక్కులో రాయండి.

తర్వాతి పాఠం మాంతువాలో. ఎరెమితానిలో పొడైపోయిన మాంతెన్యా అక్కడ ఒక గది నిండా ఉన్నాడు. తడి మీద కొంత, పొడి మీద కొంత వేశాడు. అది చదవాలంటే మీ పెంకు మీద రెండు ఆకులూ ఎలా ఆరాయో మీకు తెలిసి ఉండాలి.