జపాన్ పర్ఫార్మెన్స్ కారును రోజువారీ వాహనంగా నిలుపుకోవడం ఎలా

జపాన్ తయారీదారులు 1989 నుంచి 2004 వరకు, తమ దేశంలో అమ్మే కార్ల శక్తిని 280 పి.ఎస్. (హార్స్‌పవర్ వంటి శక్తి కొలమానం) కంటే ఎక్కువగా ప్రకటించకూడదన్న అలిఖిత ఒప్పందాన్ని పాటించారు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా, మాజ్డా ఆర్ఎక్స్-7, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, సుబారు ఇంప్రెజా ఎస్టీఐ వంటి కార్లు పేరు తెచ్చుకున్నది ఆ కాలంలోనే. వీటిలో చాలా ఇంజన్లు ప్రకటించిన శక్తికి మించిన భారాన్ని మోయగలవు కనుక, కొన్నవారికి మొదట కలిగే కోరిక బూస్ట్ (పొగ వాయువుల బలంతో తిరిగే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచడం. రోజూ పనికి వెళ్లడానికి వాడే కారు విషయంలో ఆ కోరికను పక్కన పెట్టాలనే నేను గట్టిగా చెబుతాను.

కొనేటప్పుడు కంపెనీ అమర్చిన భాగాలతోనే ఉన్న కారును వెతకండి. ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కతో మార్చారో తెలియని ఇంజన్ ఎంత శక్తిమంతమైనదైనా రోజువారీ వాడకానికి పనికిరాదు. జపాన్ వేలంలో కొన్న కారైతే ఆక్షన్ షీట్ (వేలంలో కారు స్థితిని నమోదు చేసిన పత్రం) తప్పక అడిగి తీసుకోండి. అందులో ఆర్ లేదా ఆర్ఏ అన్న గ్రేడు ప్రమాదం తరువాత మరమ్మతు జరిగిందని సూచిస్తుంది; బాడీ బొమ్మ మీద డబ్ల్యూ గుర్తు ఉన్నచోట రేకును సరిచేశారని, ఎక్స్‌ఎక్స్ ఉన్నచోట ఆ భాగాన్నే మార్చారని అర్థం. షీట్‌లోని కిలోమీటర్లను సర్వీసు పత్రాలతో పోల్చి చూడండి. మంచు కురిసే ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది కనుక, కారును లిఫ్ట్ మీదకు ఎత్తించి తుప్పు చూడకుండా డబ్బు చెల్లించకండి. అరిగిన ఇంజన్‌ను బాగుచేయించవచ్చు గానీ, తుప్పు పట్టిన ఛాసిస్‌ను పూర్వస్థితికి తేవడం చాలా కష్టం.

కారు చేతికి రాగానే, పాత యజమాని ఏం చెప్పినా, ద్రవాలన్నీ మార్పించండి. స్కైలైన్ ఆర్‌బీ26, సుప్రా 2జేజడ్, ఎవల్యూషన్ 4జీ63, సుబారు ఈజే20 ఇంజన్లన్నిటికీ టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లకు జతగా కదిలించే రబ్బరు పట్టీ) ఉంటుంది. దానిని సాధారణంగా 100,000 కిలోమీటర్లకు మార్చాలి, కానీ రబ్బరు వయసుతో కూడా పాడవుతుంది కనుక పత్రాలు లేకపోతే వెంటనే మార్చడమే క్షేమం. 4జీ63లో అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌కు మరో చిన్న బెల్ట్ ఉంటుంది. అది తెగి టైమింగ్ బెల్ట్‌లో చిక్కుకుంటే వాల్వులు వంగిపోతాయి కనుక రెండింటినీ కలిపే మార్పించాలి.

రోజువారీ క్రమశిక్షణలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆయిల్. కూలెంట్ వేడి ముల్లు మధ్యకు చేరినంత మాత్రాన ఆయిల్ కూడా వేడెక్కిందనుకోకూడదు. దానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది, అంతవరకు టర్బోను పూర్తిగా పనిచేయనివ్వకండి. వేగంగా నడిపితే గమ్యానికి ముందు చివరి కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడిపి, టర్బో చల్లబడ్డాకే ఇంజన్ ఆపండి. ఆయిల్‌ను 5,000 కిలోమీటర్లకోసారి మార్చండి. సుబారు ఉన్నవారు పెట్రోలు పోయించిన ప్రతిసారీ డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూసే అలవాటు చేసుకోవాలి. ఆర్ఎక్స్-7 రోటరీ ఇంజన్ తన సీళ్ల కోసం కొంత ఆయిల్‌ను కావాలనే కాల్చుకుంటుంది. పైగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రెండు అడుగులు జరిపి ఆపేస్తే లోపల పెట్రోలు నిండి మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

ఈ ఇంజన్లను జపాన్ హైఆక్టేన్ పెట్రోలుకు అనుగుణంగా సిద్ధం చేశారు. అక్కడ అది సాధారణంగా 98 నుంచి 100 ఆర్‌ఓఎన్ (పెట్రోలు తనంతట తాను మండకుండా నిలిచే గుణాన్ని చెప్పే ఆక్టేన్ సంఖ్య) ఉంటుంది. మీ దగ్గర దొరికేది అంతకంటే తక్కువైతే, బూస్ట్ ఎక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు తనంతట తాను మండి పిస్టన్లను దెబ్బతీస్తుంది. బంకు మీద రాసిన సంఖ్య ఏ కొలమానంలో ఉందో కూడా చూడండి: అమెరికాలో 93 అని రాసినది సుమారు 98 ఆర్‌ఓఎన్‌కు సమానం. తగిన పెట్రోలు దొరకని చోట, ఈ కార్లను బాగా ఎరిగిన ట్యూనర్ (ఇంజన్ అమరికలు సరిచేసే నిపుణుడు) చేత ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరిపించి, బూస్ట్ తగ్గింపజేసుకోవాలి.

డబ్బు మిగిలితే బూస్ట్ పెంచడానికి కాక, బ్రేకులకు, రేడియేటర్‌కు, సస్పెన్షన్ బుష్‌లకు, మంచి టైర్లకు వెచ్చించండి. ఆర్32, ఆర్33 తరాల స్కైలైన్ జీటీ-ఆర్‌ల సాధారణ రకాల్లో టర్బోల టర్బైన్ చక్రాలు సిరామిక్‌వి. బూస్ట్ పెంచితే అవి విరిగి, ముక్కలు ఇంజన్‌లోకి చేరే ప్రమాదం ఉంది.

విడిభాగాల విషయంలో మునుపటి కంటే పరిస్థితి మెరుగైంది: నిస్సాన్ 2017లో జీటీ-ఆర్‌కు, తరువాత టొయోటా సుప్రాకు పాత భాగాల తయారీని తిరిగి చేపట్టాయి. అయినా అన్ని భాగాలూ దొరకవు, దొరికినవి చేరడానికి వారాలు పట్టవచ్చు. జపాన్ కార్ల భాగాలను బీఎన్‌ఆర్32 వంటి ఛాసిస్ కోడ్‌తో వెతకాలి కనుక ఆ సంఖ్యను దగ్గర రాసి ఉంచుకోండి. వాటర్ పంప్, థర్మోస్టాట్, ఇగ్నిషన్ కాయిల్స్, కూలెంట్ గొట్టాలు అవసరం రాకముందే తెప్పించి ఇంట్లో పెట్టుకోండి.