సెకండ్‌హ్యాండ్ స్పెషల్ ఎడిషన్లు – 4వ పాఠం: పేరు ఒకటే, కార్లు రెండు

ప్రత్యేక రంగు, అలంకరణతో అమ్మిన స్పెషల్ ఎడిషన్ అని చెప్పే పాత కారు నిజంగా అదేనా అని తేల్చడమే మన పని. మూడో పాఠం చివర ఇచ్చిన, చాసిస్ నంబర్ చదివే అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక, ఈ పాఠం మొదలుపెట్టే ముందు రెండు చిక్కులు విప్పక తప్పదు.

మొదటిది: చాలామంది చాసిస్ నంబర్‌లో, అంటే ఫ్యాక్టరీ ప్రతి కారుకూ వేసే గుర్తింపు నంబర్‌లో, ఎడిషన్ పేరు కోసం వెతికారు. మామూలుగా అది అక్కడ ఉండదు. అంకెలతో కలిపి దాని 17 అక్షరాల్లో మొదటి మూడు తయారీదారువి, తర్వాతి ఆరు కారు రకానివి, చివరి ఎనిమిది ఆ ఒక్క కారువి. చవక కారుకు రెండు రంగులు వేసి, సీటు గుడ్డ మార్చి, పక్కన స్టిక్కర్ అంటించి అమ్మినప్పుడు ఇంజిన్ మారదు, బాడీ మారదు. అందుకే రకం కోడ్ కూడా మారదు.

రెండోది: పదో అక్షరం. దాన్ని మోడల్ సంవత్సరంగా చదవడం ఉత్తర అమెరికా కార్లకు నియమం. యూరప్ కార్లలో అది కంపెనీ ఇష్టం. ఫోక్స్‌వ్యాగన్ ఆ పద్ధతి పాటిస్తుంది. పోలో నంబర్‌లో డబ్ల్యూ-వీ-డబ్ల్యూ, మూడు జెడ్‌లు, 6-ఎన్, ఇంకో జెడ్, ఆ తర్వాత టీ ఉంటే అది 1996 మోడల్. మధ్యలోని జెడ్‌లకు అర్థం లేదు, ఖాళీ నింపడానికి పెట్టినవే. టీ ఉన్నా ఆ కారు 1995 చివర్లో తయారై ఉండవచ్చు, ఎందుకంటే మోడల్ సంవత్సరం క్యాలెండర్ కంటే ముందే మొదలవుతుంది. ఫియట్ పాండాలో మాత్రం జెడ్-ఎఫ్-ఏ తర్వాత రకం కోడ్ 141 లేదా 169, ఆ పైన వరుసగా సున్నాలు కనిపిస్తాయి. పదో స్థానంలోని సున్నాను కొందరు 2000 అని చదివారు. సంవత్సరాల పట్టికలో సున్నా లేనే లేదు. 2000కు గుర్తు వై. 1980-81 ప్రాంతపు కారులో 17 అక్షరాలు లేకపోయినా కంగారు అక్కర్లేదు, ఆ పద్ధతి అప్పటికింకా స్థిరపడలేదు.

అయితే చాసిస్ నంబర్ దేనికి పనికొస్తుంది? అబద్ధపు ఎడిషన్ మాటను కొట్టిపారేయడానికి. ఏ ఎడిషన్ అయినా ఫలానా మోడల్ మీద, ఫలానా నెలల్లో మాత్రమే వచ్చి ఉంటుంది. నంబర్ దానికి అడ్డం వస్తే కథ అక్కడితో ముగిసింది. నంబర్ సరిపోయినంత మాత్రాన ఎడిషన్ రుజువు కాదు, పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఇది వంటబట్టకపోతే మిగతా పాఠం చదివి లాభం లేదు.

ఇక అసలు విషయం. అమ్మకాల ప్రకటనల్లో అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసే వల ఒకటుంది: పరిమితంగా మొదలై, తర్వాత మామూలు మోడల్‌గా మారిపోయిన ఎడిషన్. ఫ్రెంచి చిన్న కారు సిట్రోయెన్ 2సీవీలో వచ్చిన చార్ల్‌స్టన్ ఎడిషన్ దీనికి తిరుగులేని ఉదాహరణ. 1980 అక్టోబర్‌లో 8,000 కార్ల పరిమిత సిరీస్‌గా వచ్చింది. జనానికి నచ్చింది. 1981 జులై నుంచి మామూలు జాబితాలో చేరి 1990 దాకా తయారైంది. 1990లో పోర్చుగల్‌లోని మాంగ్వాల్డెలో తయారైన చిట్టచివరి 2సీవీ కూడా బూడిద రంగు చార్ల్‌స్టనే. పదేళ్లు తయారైన కారు మీద "8,000లో ఒకటి" అని రాసి ధర పెంచే అమ్మకందార్లు నేటికీ ఉన్నారు. కొందరు తెలిసే రాస్తారు, ఎక్కువమంది తెలియక రాస్తారు. కొనేవాడి జేబుకు రెండూ ఒకటే.

ఆ 8,000లోదా కాదా అన్నది ఈ వరుసలోనే చూడండి.

రంగు: పరిమిత సిరీస్ అంతా ముదురు ఎరుపు, నలుపు. పసుపు-నలుపు కారు తర్వాతిది, అదీ ఏడాది పాటే వచ్చింది. బూడిద రంగు ఇంకా తర్వాతిది. ఈ రెంటిలో దేని మీదైనా "8,000" అని కనిపిస్తే ప్రకటన అక్కడే మూసేయండి.

హెడ్‌లైట్ గిన్నెలు: పరిమిత సిరీస్‌లో ఎరుపు రంగు వేసినవి, మామూలు సిరీస్‌లో క్రోమ్‌వి. ఒక్క సాయంత్రంలో మార్చేయవచ్చు కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోండి.

సీటు గుడ్డ: మొదటి కార్లకు చిన్న గళ్ల నేత గుడ్డ, తర్వాతి వాటికి డైమండ్ కుట్టు ఉన్న బూడిద గుడ్డ. నా తీర్పులో దీని బరువు స్టిక్కర్ల కంటే, బ్యాడ్జీల కంటే చాలా ఎక్కువ. ముందు సీట్లు మాత్రమే చూసి ఆగకండి. వెనక సీటు అడుగు భాగం తిప్పి చూడండి, ఎండ తగలని చోట అసలు రంగు, అసలు కుట్టు మిగిలి ఉంటాయి.

బ్రేకులు: అందరూ వదిలేసేది ఇదే. 1981 జులైలో 2సీవీ6కు (చార్ల్‌స్టన్‌కు ఆధారమైన 602 సీసీ రకానికి) ముందు చక్రాల డిస్క్ బ్రేకులు వచ్చాయి. అంటే 1980 పరిమిత చార్ల్‌స్టన్‌కు ముందు చక్రాలకు డ్రమ్ములు ఉండాలి. బానెట్ ఎత్తి గేర్‌బాక్స్‌కు రెండు పక్కలా చూడండి. ఈ కారులో డ్రమ్ములైనా డిస్కులైనా చక్రం దగ్గర కాదు, గేర్‌బాక్స్‌ను ఆనుకునే ఉంటాయి. పాత కారుకు డిస్క్ బ్రేకులున్న గేర్‌బాక్స్ ఎక్కించడం మామూలే, కాబట్టి డిస్కులు కనబడగానే నకిలీ అనేయకండి. ఎప్పుడు, ఎందుకు మార్చారో బిల్లు అడగండి. ఆ జవాబు రాకపోతే ధర తగ్గాల్సిందే.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటుంది. డిస్క్ కార్ల బ్రేకుల్లో పోసేది ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చ మినరల్ ఆయిల్. డ్రమ్ కార్లలో పోసేది మామూలు డాట్ బ్రేక్ ఆయిల్. ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోస్తే రబ్బరు సీళ్లు పాడై బ్రేకులు దెబ్బతింటాయి. గేర్‌బాక్స్ మార్చిన కారులో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకులకు ఆయిల్ తోసే భాగం) కూడా మారిందా, ఏ ఆయిల్ ఉంది అన్నది తేలకుండా నడిపి చూడవద్దు.

మళ్లీ చెబుతున్నాను: పైవాటిలో ఏ ఒక్కటీ విడిగా రుజువు కాదు. తయారీ తేదీ, రంగు, గుడ్డ, బ్రేకులు నాలుగూ ఒకే మాట చెప్పాలి. మూడు ఒకటి చెప్పి నాలుగోది ఇంకోటి చెబితే, ఆ నాలుగోదానికి కాగితం ఉండాలి.

రంగే ఎడిషన్ అయిన కారు సంగతి వేరు. పోలో హార్లెకిన్ 1995-96లో నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కలిసి వచ్చింది. 1,000 అనుకున్నవి చివరికి 3,806 అయ్యాయి. ఫ్యాక్టరీలో ఒక్కో కారుకు మాస్కింగ్ చేసి (మిగతా భాగాలు కప్పి) నాలుగు రంగులు కొట్టలేదు. ఒక్కో కారు మొత్తానికి ఒక్క రంగే వేసి, ఆ నాలుగు రంగుల కార్ల నుంచి డోర్లు, బానెట్, మడ్‌గార్డులు, డిక్కీ తలుపు విప్పి ఒకదానివి ఇంకోదానికి బిగించారు. కాబట్టి డోర్ తెరిచి చూడండి. డోర్ అంచు, లోపలి ఫ్రేమ్ ఆ డోర్ బయటి రంగులోనే ఉండాలి. పిల్లర్, రూఫ్, కింది గడప మాత్రం కారు అసలు రంగులో ఉండాలి. బయట ఆకుపచ్చ, లోపల ఎరుపు ఉన్న డోర్ కనిపిస్తే అది తర్వాత ఎవరో వేసిన పెయింట్. యాక్సిడెంట్‌లో డోర్ పోయి కొత్తది వేయించినా ఇలాగే ఉంటుంది, అది నకిలీ కాదు. కానీ నాలుగు డోర్లూ అలా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

మిగతావి క్లుప్తంగా. 1984 నాటి మినీ 25కు (మినీ కారు 25 ఏళ్ల ఎడిషన్‌కు) 12 అంగుళాల చక్రాలు, ముందు చక్రాలకు డిస్కులు ఉంటాయి. 1983 నాటి మినీ స్ప్రైట్‌కు 10 అంగుళాలవే. 1981 నాటి 2సీవీ 007 పసుపు రంగుది, తుపాకీ గుండ్ల రంధ్రాల స్టిక్కర్లతో వచ్చింది. జేమ్స్ బాండ్ సినిమాలో వాడిన కారుకు పెద్ద ఇంజిన్ వేశారు, అమ్మిన కారులో ఉన్నది మామూలు 602 సీసీయే. 1990 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పేరిట వచ్చిన ఫియట్ పాండా ఇటాలియా 90కు ఫుట్‌బాల్ ఆకారపు వీల్ కవర్లు ఉంటాయి. కారు అసలుదైనా అవి పోయి ఉండవచ్చు, కాబట్టి అవి లేవని కారును వదిలేయకండి.

స్టిక్కర్ల గురించి ఒక్క మాట: స్టిక్కర్ అంచున పెయింట్‌ను ఏటవాలు వెలుతురులో చూడండి. ఏళ్ల తరబడి అంటుకుని ఉంటే దాని కింద రంగు ముదురుగా, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది. తీసేసినా ఆ నీడ మిగులుతుంది. నీడ ఉండి స్టిక్కర్ లేని కారు, కొత్త స్టిక్కర్ మెరిసే కారు పక్కపక్కన ఉంటే నేను మొదటిదే ఎంచుకుంటాను. మొత్తం మళ్లీ పెయింట్ చేయించిన కారులో ఈ సాక్ష్యం ఉండదు, అందుకే వెలిసిపోయిన అసలు పెయింటే నాకు ఇష్టం.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక ఎడిషన్ తీసుకోండి. అది వచ్చిన కాలపు బ్రోషర్, ధరల పట్టిక సంపాదించండి. అమ్మకాల ప్రకటనల నుంచి ఒక్క వివరం కూడా తీసుకోకూడదు. పన్నెండు వరుసల పట్టీ గీసి మూడు గళ్లు పెట్టండి: ఫ్యాక్టరీ ఏం ఇచ్చింది, ఈ కారులో ఏముంది, మార్చడం ఎంత సులువు. మూడో గడిలో "చేత్తో", "స్పానర్‌తో", "పెయింట్‌తో", "బాడీ పనితో" అన్న నాలుగు మాటల్లో ఒకటే రాయాలి. ఒకే ఎడిషన్‌కు చెందిన రెండు వేర్వేరు కార్లకు ఈ పట్టీ నింపండి. కనీసం నాలుగు వరుసల్లో "పెయింట్‌తో" లేదా "బాడీ పనితో" రావాలి. అవి లేని పట్టీతో ఏ కారునూ ఒప్పుకోలేం, కొట్టేయనూ లేం.