యావరేజ్ ఒక్కటే చూస్తే బోల్తా పడతారు

క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి. బోస్టన్ వచ్చిన కొత్తలో బేస్‌బాల్‌లోనూ యావరేజే, అంటే బ్యాటర్ ఎన్నోవంతు సార్లు హిట్ కొట్టాడన్నదే, చూసేవాణ్ణి. ఆఫీసులో పందెం ఓడి నలుగురి లంచ్ బిల్లు కట్టాక బుద్ధొచ్చింది.

2018 సీజన్ తీసుకోండి. ఇద్దరు స్టార్ బ్యాటర్లలో మూకీ బెట్స్ యావరేజ్ .346, మైక్ ట్రౌట్‌ది .312. బెట్సే చాలా మెరుగనిపిస్తుంది కదా? కానీ ట్రౌట్‌కి 122 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా మొదటి బేస్ దక్కడం, ఇవి యావరేజ్‌లో లెక్కకు రావు), బెట్స్‌కి 81. అందుకే ముందు ఆన్‌బేస్ శాతం, అంటే అవుట్ కాకుండా బేస్ చేరిన వంతు, చూడండి: ట్రౌట్ .460, బెట్స్ .438. దానికి స్లగ్గింగ్ (హిట్లతో సగటున ఎన్ని బేస్‌లు సాధించాడన్న లెక్క) కలిపితే ఓపీఎస్: ట్రౌట్ 1.088, బెట్స్ 1.078. తేడా దాదాపు లేనట్టే.

తర్వాత గ్రౌండ్. బెట్స్ ఆడిన బోస్టన్ గ్రౌండ్ ఫెన్‌వేలో ఎడమవైపు గోడ బ్యాటర్‌కి దగ్గరగా ఉంటుంది, అందుకే డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) ఎక్కువ పడతాయి. ఓపీఎస్ ప్లస్ దాన్ని సరిచేస్తుంది, అందులో 100 అంటే లీగ్ సగటు.

ఇక ఫీల్డింగ్. ఎర్రర్ల (ఫీల్డర్ తప్పుల) లెక్క నేను పట్టించుకోను. బంతి దాకా చేరనివాడికి ఎర్రరే రాదు మరి! సగటు ఫీల్డర్ కంటే ఎన్ని అవుట్లు ఎక్కువ చేశాడో చెప్పే అవుట్స్ అబవ్ యావరేజ్ చూడండి, అదీ రెండు మూడేళ్లది కలిపి. అవుట్‌ఫీల్డ్ సెంటర్‌లో ఫీల్డింగ్ కష్టం కాబట్టి, అక్కడ ఆడేవాడికి కార్నర్ (లెఫ్ట్, రైట్) వాడికంటే సీజన్‌కి సుమారు 10 పరుగులు అదనంగా వేస్తారు. అంటే జట్టుకి ఇంచుమించు ఒక గెలుపు. ట్రౌట్‌ది సెంటర్, బెట్స్‌ది ఎక్కువగా రైట్. అయినా ఆ ఏడాది ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) బెట్స్‌కే వచ్చింది, రైట్‌లో అతని ఫీల్డింగ్ అలాంటిది.