'టేబుల్ ఆన్' పోగొట్టిన పలక

మా ఆరో తరగతి పిల్లలు 'ఆన్ ద టేబుల్' అనాల్సిన చోట 'టేబుల్ ఆన్' అనేవారు. తప్పు వాళ్లది కాదు. తెలుగులో 'బల్ల మీద' అంటాం. మనకు వెనక వచ్చే మాట ఇంగ్లీషులో ముందుకొస్తుంది. రూల్ బోర్డు మీద రాసి ఎన్నిసార్లు చెప్పించినా, నోట్సులో కరెక్టుగా రాసేవారు, నోరు తెరిస్తే మళ్లీ అదే.

చివరికి ఇద్దరిద్దర్ని వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టాను. ఒకరి చేతిలో నేను గీసిన బొమ్మ, ఇంకొకరి చేతిలో పలక, బలపం. బొమ్మ చూపించకుండా ఇంగ్లీషులో చెప్పి గీయించాలి. ఒక పాప 'ద క్యాట్ ఈజ్ అండర్ ద కాట్' అంటే, అవతలి పిల్లాడు పిల్లిని మంచం మీద గీశాడు. పలక చూడగానే "అండర్ అన్నాను కదరా!" అని అరిచింది. వాడు అరచేత్తో తుడిచి, మంచం కోళ్ల మధ్య పిల్లిని ఇరికించాడు. 'అండర్' దగ్గర వాడు మళ్లీ తప్పు చేయలేదు.

బొమ్మలో నాలుగైదు వస్తువులే ఉండాలి. మొదటిరోజు పది పెట్టాను, పాపం టెన్షన్ పడి తెలుగులోకి వెళ్లిపోయారు. అందంగా గీయక్కర్లేదని కూడా ముందే చెప్పాలి, లేకపోతే పిల్లి మీసాలకే పీరియడ్ అయిపోతుంది.

రెండు వారాల్లో 'టేబుల్ ఆన్' దాదాపు పోయింది. ఇప్పుడు బొమ్మలు కూడా వాళ్లే గీసి తెస్తున్నారు.